అదే కష్టం పడినవాళ్లే ఓదార్చగలరా? క్రైస్తవ దృష్టిలో జవాబు

అక్కర్లేదు, అదే కష్టం కాకపోయినా, తన కష్టంలో ఆదరణ పొందిన మనిషి ఇంకొకరిని ఆదరించగలడు. బైబిల్లో, కొరింథు సంఘానికి రాసిన రెండో పత్రిక (అంటే ఉత్తరం) మొదట్లోనే అపొస్తలుడైన పౌలు, దేవుని దగ్గర తాము పొందిన ఆదరణతో "ఎట్టి శ్రమలలో" ఉన్నవారినైనా ఆదరించగలమంటాడు. అంటే చేతులు మారేది బాధ కాదు, ఆదరణ. ఏ మాట గుచ్చుకుంటుందో, ఏ సాయం నిలబెడుతుందో కష్టం పడ్డవాళ్లకు తెలుస్తుంది.

నల్గొండ వైపు బోర్లు ఎండి బత్తాయి తోట పోగొట్టుకున్న ఇల్లు ఒకటి అనుకోండి. పక్కింటామెకు తోట లేదు, కానీ భర్త పోయాడు. మొదటి వారం ఇల్లంతా జనం, రెండో వారం నుంచి ఎవరూ రారని ఆమెకు తెలుసు. అందుకే రెండో వారంలో వాళ్లింటికి పోతుంది. పావుగంట కూర్చుంటుంది, వాళ్లు చెప్పేది వింటుంది. తన సంగతి అడిగితేనే, అదీ రెండు ముక్కల్లో చెబుతుంది. "ఏమన్నా కావాలంటే చెప్పండి" అనదు (ఎవరూ అడగరు కదా!), పొద్దున పిల్లలకు సద్ది తానే కడతానంటుంది. ప్రార్థన చేయమంటారా అని అడిగి, చిన్నగా చేస్తుంది.

చాలామంది పొరబడేది "నాకూ ఇట్లనే అయింది" అనడమే సానుభూతి అనుకోవడంలో. ఆ మాటతో సంభాషణ మన మీదికి మళ్లుతుంది, బాధలో ఉన్నవాళ్లే మనల్ని ఓదార్చాల్సి వస్తుంది. "అంతా దేవుని చిత్తం" అని తొందరపడటం ఇంకా చేటు. బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలమీద మాట్లాడకుండా కూర్చున్నారు. అంతవరకు బాగానే ఉంది, చెడిందల్లా నోరు తెరిచి అతని కష్టానికి కారణం అతని పాపమేనని వాదించినప్పుడు.