లాగ్‌బుక్ నిండింది సరే, చేయి వచ్చిందా?

ఎం.ఎస్. జనరల్ సర్జరీ రెండో ఏడు, చేసిన ఆపరేషన్లు రాసుకునే లాగ్‌బుక్‌లో ముప్పై హెర్నియాలు, అయినా చేయి వచ్చిందో లేదో ఎలా తెలుస్తుందని అడిగారు. నాకూ రెండో ఏట ఇదే సందేహం. అది తీరిన రోజు ఇంకా గుర్తుంది.

అప్పటిదాకా నా హెర్నియాలన్నిటికీ మా అసిస్టెంట్ ప్రొఫెసర్ ఎదురుగా నిలబడేవారు. ఆ రోజు గ్లోవ్స్ వేసుకోలేదు. నా వెనకాల నిలబడి "నువ్వు కానియ్, చూస్తుంటా" అన్నారు. కోసిన చోటును తెరిచి పట్టే రిట్రాక్టర్ హౌస్ సర్జన్ చేతిలో ఉంది. పొట్ట గోడలోని ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్ పొర తెరిచాను, ఇలియోఇంగ్వినల్ నరాన్ని పక్కకు తప్పించాను. వృషణానికి వెళ్లే కార్డ్‌లోంచి హెర్నియా సంచిని విడదీసే దగ్గర ఆగిపోయాను. ఎటు చూసినా ఒకేలాంటి పొరలు. చేతిలో కత్తెర ఉంది, ఎక్కడ పెట్టాలో తెలియలేదు. సార్ స్క్రబ్ అయి (చేతులు శుభ్రంగా కడుక్కుని) వచ్చి ఫోర్సెప్స్‌తో ఒక పొరను పైకెత్తి పట్టుకున్నారు. కోయాల్సిన చోటు తెల్లగా తేలింది. ఇన్నాళ్లూ ఆయన ఎత్తి చూపించిన చోటల్లా కోస్తూ, ఆపరేషన్ నేనే చేశాననుకున్నానని అప్పుడర్థమైంది. లాగ్‌బుక్‌లో అవన్నీ నేను చేసినట్టే ఉన్నాయి.

అందుకే అంకె చూడకండి. ప్రతి కేసు అయ్యాక, అదే రోజు, ఏ దశ ఎంత సాయంతో చేశారో రాసుకోండి. అమెరికాలో జ్విష్ స్కేల్ అని వాడతారు, నాలుగే మెట్లు: సార్ చేసి చూపించడం, దగ్గరుండి చేయించడం, మీరు నడిపిస్తుంటే సార్ అసిస్ట్ చేయడం, సార్ సాయం చేయకుండా ఊరికే గమనించడం. ఒకే హెర్నియాలో మెష్ (బలానికి పెట్టే వల) కుట్టడం మూడో మెట్టు మీద, సంచి విడదీయడం రెండో మెట్టు మీద ఉండొచ్చు. ఆ తేడా కనబడితే ఏది నేర్చుకోవాలో తెలిసినట్టే.

ఇప్పుడు మా పీజీలకు నేను టొరంటోలో 1990లలో రూపొందిన ఓసాట్స్ అనే, చేతి నైపుణ్యాన్ని కొలిచే పద్ధతిలో మార్కులు వేస్తాను. ఏడు అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5. వాటిలో నేను ముందు చూసేది కణజాలాన్ని ఎంత సున్నితంగా పట్టుకున్నారన్నదే. కుట్లు పూర్తయ్యాక చర్మం అంచున ఫోర్సెప్స్ పళ్ల గుర్తులుంటే ఫోర్సెప్స్ పట్టే ఎడమ చేయి ఇంకా రాలేదని అర్థం. వేగానికి మాత్రం మురిసిపోకండి. తొందరపడే చేయి సూదిని పదిసార్లు మార్చి పట్టుకుంటుంది.

ఆపరేషన్ థియేటర్ బయట కూడా పరీక్షించుకోవచ్చు. మటన్ కొట్టు నుంచి మేక పేగు తెచ్చి, కోసి, 3-0 విక్రిల్ దారంతో కలిపి కుట్టండి. ఒక చివర కట్టేసి, రెండో చివర నుంచి సిరంజితో రంగు నీళ్లు ఎక్కించండి. ఎక్కడ కారిందో అక్కడ కుట్టు తప్పింది. నాకు చాలాకాలం మెసెంటరీ (పేగును పట్టి ఉంచే పొర) అంటుకునే వైపే కారేది. చేతులు మాత్రమే కనబడేలా ఫోన్లో వీడియో తీసి, ఎవరివో చెప్పకుండా ఒక సీనియర్‌తో మార్కులు వేయించుకోండి. మొహమాటం లేని మార్కులు అలాగే వస్తాయి.

ఇక వచ్చే హెర్నియాకు మీ సార్‌ని ఒక్కటి అడగండి: "సార్, సంచి దగ్గర పొరలను లాగి పట్టే ట్రాక్షన్ నన్నే పెట్టుకోనివ్వండి, తప్పు దారిలో పోతుంటే ఆపండి." స్క్రబ్ అవుతున్నప్పుడే అడగండి. వెన్నులో స్పైనల్ మత్తు ఇచ్చిన పేషెంట్ మెలకువగానే ఉంటారు, ఈ మాటలు టేబుల్ మీద ఆయన చెవిన పడకూడదు.