విండోస్ ఫామ్స్ అప్లికేషన్‌లో వీడియో ప్లేయర్ పెట్టడం ఎలా?

డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ ప్రాజెక్ట్ అయితే విండోస్ మీడియా ప్లేయర్ కంట్రోల్ చాలు. అది మొదట టూల్‌బాక్స్‌లో కనిపించదు. అక్కడ రైట్ క్లిక్ చేసి, చూజ్ ఐటమ్స్‌లో కామ్ కాంపోనెంట్స్ ట్యాబ్ తెరిచి, దానికి టిక్ పెట్టండి. తర్వాత ఫామ్ మీదికి లాగి వదిలితే సరి.

యూఆర్‌ఎల్ ప్రాపర్టీకి ఫైల్ పాత్ ఇవ్వగానే వీడియో దానంతటదే మొదలైపోతుంది. చాలామంది తికమకపడేది ఇక్కడే. అలా వద్దనుకుంటే, పాత్ ఇవ్వకముందే సెట్టింగ్స్‌లోని ఆటోస్టార్ట్‌ను ఫాల్స్ చేయండి. బటన్లు మీరే పెట్టుకుంటానంటే యూఐమోడ్‌కి "నన్" ఇవ్వండి.

అసలు టెన్షన్ కోడెక్‌లతోనే, అంటే వీడియో ఫార్మాట్లను చదివి ఆడించే సాఫ్ట్‌వేర్ భాగాలతోనే. యూజర్ సిస్టమ్‌లో ఏవి ఉంటే వాటినే ఇది వాడుకుంటుంది కాబట్టి, మీ దగ్గర ఆడిన ఫైల్ అవతల ఆడకపోవచ్చు. విండోస్ ఎన్ ఎడిషన్లలోనైతే మీడియా ప్లేయరే ముందుగా ఉండదు. రకరకాల ఫార్మాట్లు వచ్చేలా ఉంటే, వీఎల్‌సీ ప్లేయర్ ఇంజిన్‌ను డాట్‌నెట్‌లో వాడుకునే లైబ్రరీ లిబ్‌వీఎల్‌సీషార్ప్ వాడమనే చెబుతాను. ఇన్‌స్టాలర్ సైజు పెరుగుతుంది, కానీ కోడెక్‌లు దాంతోపాటే వస్తాయి.