రైటర్ పాత్రను కామెడీ చేయకు బిడ్డా

చిరంజీవి మేనకోడలికి మామ ఆశీస్సులు.

సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర మీ అమ్మ చెప్పింది, నువ్వు ఉద్యోగం మానేసి సినిమా తీస్తున్నావని. అదీ పోలీసుల అవినీతి మీద, ఫైటింగుల సినిమా. నాకు టెన్షన్ పట్టుకుంది. ఇంటికొచ్చి మీ అత్తకు మాత్రం గొప్పగానే చెప్పుకున్నాను.

కథ రిజిస్టర్ చేయించుకో. అడ్వాన్సు చేతికి రాకుండా స్క్రిప్టు ఇవ్వకు. ఖాకీ బట్టలతో రోడ్డు మీద షూటింగ్ అంటే ముందే పర్మిషన్ తీసుకో. ఇవి నీకు తెలిసినవే.

అమెరికాలో నల్లవాళ్ల మీద జరిగే అన్యాయం సినిమాలు చూసి ఈ కథ తట్టిందట. మంచిదే. కానీ అక్కడిది ఇక్కడ అతికించకు. అక్కడ కారు ఆపి, లోపలున్న డబ్బు మీద అనుమానం అంటే చాలు, మనిషి మీద కేసు లేకుండానే ఆ డబ్బు పట్టుకోవచ్చు. కేసు ఆ డబ్బు మీదే నడుస్తుంది. చాలా రాష్ట్రాల్లో అందులో పోలీసు శాఖకే వాటా. మన దగ్గర ఎన్నికలప్పుడు కాగితాలు లేకుండా 50 వేలు దాటితే పట్టుకుంటారు గానీ, లెక్క చూపిస్తే తిరిగి ఇవ్వాలి. ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మి వస్తున్న తండా పిల్లగాడి డబ్బు స్టేషన్ వాటా అయిపోయిందని తీస్తే, చూసే కానిస్టేబులే నవ్వుతాడు. ఇంకోటి. అక్కడ ఒంటి రంగు కారు అద్దంలోంచే కనిపిస్తుంది. ఇక్కడ కనిపించదు కాబట్టి అడుగుతారు. "ఏ ఊరు? ఎవరి కొడుకువు?" దెబ్బ ఆ తర్వాత పడుతుంది. నీ సినిమాలో ఆ రెండు ప్రశ్నలూ వినపడాలి.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకు కూడా చెప్పలేదు.

1994లో నేను ఒక పోలీస్ స్టేషన్లో రైటర్‌ని, అంటే కేసు కాగితాలు రాసే పోలీసుని. ఎస్సై నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది చేతిరాత చూసే. బావుల దగ్గర మోటారు స్టార్టర్లు వరసగా పోతున్నాయి. నెలాఖరు క్రైమ్ మీటింగులో చూపించడానికి ఒక్క రికవరీ కూడా లేదు. శనివారం రాత్రి అంగడి నుంచి ఒక ఎరుకల పిల్లగాడిని పట్టుకొచ్చారు. బుట్టలు అల్లి అమ్ముకునేవాడు. వాడి తాత పేరు మా పాత రిజిస్టర్లో ఉంది. అంతే. పుట్టుకతోనే దొంగలని కులాలకు ముద్ర వేసిన 1871 నాటి చట్టం 1952లోనే రద్దయింది. మా బీరువాకు ఆ కబురు అందలేదు.

పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. కానీ ఆ మాటను బట్టి వస్తువు దొరికితే ఆ ముక్క చెల్లుతుంది. అందుకని స్టార్టర్ కావాలి. పాత ఇనుప సామాన్ల కొట్టు నుంచి ఒకటి వచ్చింది. వస్తువు ఎట్లా దొరికిందో రాసే పంచనామాకు మధ్యవర్తులు, అంటే సాక్షులు కావాలి. చాయ్ హోటల్ మనిషి, అతని తమ్ముడు తెల్లకాగితాల మీద చేసిన సంతకాలు నా సొరుగులో ఎప్పుడూ ఉండేవి. మిగిలింది నేను రాయడమే. "మంగళవారం ఉదయం బస్టాండ్ వద్ద అనుమానాస్పదంగా తిరుగుతుండగా" అని మొదలుపెట్టాను. 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు పెట్టాలి కదా, అందుకని వాడు మూడు రాత్రులు లాకప్‌లో ఉన్నా మంగళవారమే దొరికాడు. ఆ వాక్యం ఎన్నిసార్లు రాశానో, చెయ్యి దానంతటదే పోయింది.

రాస్తుంటే ఊచల అవతల నుంచి అడిగాడు, "అన్నా, ఏం రాస్తున్నవ్?" అని.

"నీ పేరే" అన్నాను.

రెండేళ్లకు కేసు కొట్టేశారు. ఆలోపు వకీలుకు, జామీనుకు పందులన్నీ అమ్ముకున్నారు. వాడి భార్య స్టేషన్ గేటు ముందు బుట్టలు పెట్టుకుని కూర్చునేది. ఒకరోజు బేరమాడకుండా రెండు కొన్నాను. అదేదో లెక్క సరిచేసినట్టు అనిపించింది అప్పుడు. నువ్వు చిన్నప్పుడు తంగేడు పూలు కోసుకొచ్చింది అందులో ఒక బుట్టలోనే.

1996 డిసెంబరులో సుప్రీంకోర్టు అరెస్టు మెమో రాయాలంది, ఇంటివాళ్లకు కబురు చేయాలంది. నాకు రాసే కాగితాలు పెరిగాయి. 2020లో స్టేషన్లన్నిటికీ కెమెరాలు పెట్టమంది. నీ కథ ఇప్పటిదైతే కెమెరాను మర్చిపోకు, అది ఎటు తిరిగి ఉందో కూడా చూపించు.

ఇంకో భయం ఉంది. మీ హీరో క్లైమాక్స్‌లో చెడ్డ ఎస్సైని కాల్చేస్తాడు, హాలంతా ఈలలు. 2008లో మన వరంగల్లో యాసిడ్ కేసు కుర్రాళ్లు ఎన్‌కౌంటర్‌లో పోయినప్పుడు నేనూ చప్పట్లు కొట్టినవాణ్ణే. 2019లో షాద్‌నగర్ దగ్గర దిశ కేసు నిందితులను కాల్చిన పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన కమిషన్, కావాలనే కాల్చారని 2022లో తేల్చింది. ఆ పూలు చల్లిన వాళ్లే రేపు నీ సినిమాకు టికెట్లు కొంటారు. వాళ్లకు నచ్చడం కోసం తీస్తే నీతో మాట్లాడను. అన్నం వేళకు తినకపోయినా మాట్లాడను.

మన సినిమాల్లో రైటర్ అంటే బొజ్జ, నిద్ర, కామెడీ. నువ్వలా చేయకు. దీపావళికి రా, పంచనామా ఎట్లా రాస్తారో కూర్చోబెట్టి చూపిస్తా. నా పేరు మాత్రం పెట్టకు. చేతిరాత అందంగా ఉండేదని చూపించు, చాలు.

మీ మామ,
హనుమకొండ