పరీక్షలో పది మీటర్లు నడిచిన పాప ఇంట్లో ఎందుకు నడవదు?

మీ పాపకు నాలుగున్నరేళ్లని, ఫిజియోథెరపిస్టు ముందు వాకర్ పట్టుకుని పది మీటర్లు నడిచిందని, ఇంట్లో మాత్రం పాకుతూనే తిరుగుతోందని రాశారు. జీఎంఎఫ్‌సీఎస్ (పిల్లల కదలికను ఐదు స్థాయిలుగా చెప్పే వర్గీకరణ, అంకె పెరిగేకొద్దీ ఇబ్బంది ఎక్కువ) ప్రకారం మూడో స్థాయి అన్నారట, ఆ అంచనా తప్పేమోనని మీ సందేహం. మీ పాపలాగే సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు కష్టమయ్యే స్థితి) ఉన్న మా అబ్బాయిదీ మూడో స్థాయే. ఇప్పుడు హైస్కూలులో చదువుతున్నాడు.

తప్పయి ఉండనక్కర లేదు. ఈ పిల్లలు పరీక్ష వేళ చేయగలిగేది వేరు, రోజూ చేసేది వేరు. నున్నటి నేల, అలసట లేని ఒళ్లు, పక్కన ధైర్యం చెప్పే మనిషి ఉంటే మీ పాప నడుస్తుంది. ఇంట్లో బొమ్మ అందుకోవాలంటే పాకడమే త్వరగా అయ్యే పని. దయచేసి దాన్ని బద్ధకం అనకండి, ఎవరినీ అననివ్వకండి. అంతే దూరం నడవడానికి వీళ్లకు మిగతా పిల్లలకన్నా చాలా ఎక్కువ శక్తి ఖర్చవుతుంది.

1997లో రాబర్ట్ పాలిసానో బృందం ప్రకటించిన ఆ ఐదు స్థాయిల వర్గీకరణ కూడా బిడ్డ తన శక్తినంతా కూడదీసుకుని ఒక్కసారి చేసినదాన్ని లెక్కలోకి తీసుకోదు. ఇంట్లో, బడిలో, బయట మామూలుగా ఎలా కదులుతుందన్నదే చూస్తుంది. కాబట్టి స్థాయి చెప్పేముందు మిమ్మల్ని ఇవన్నీ అడిగారా? అడగకపోతే మీరే చెప్పండి. ఇంకొకటి, అది మార్కుల పరీక్ష కాదు. థెరపీ వల్ల ఎంత మెరుగైందో తెలియడానికి జీఎంఎఫ్ఎం అనే వేరే కొలత ఉంది. నిలబడటం, నడవడం, మెట్లెక్కడం వంటివి ఒక్కొక్కటిగా చేయించి అంకెలు వేస్తారు. ఏటా స్థాయి మారలేదని కుంగిపోయే తల్లిదండ్రులను చూసినప్పుడల్లా ఈ తేడా వాళ్లకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

మాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఫంక్షనల్ మొబిలిటీ స్కేలు. 5, 50, 500 మీటర్లు, అంటే ఇల్లు, బడి, బయటి ప్రపంచం, ఈ మూడు దూరాలకు బిడ్డ దేని సాయంతో వెళ్తోందో విడివిడిగా రాస్తారు. వీల్‌చైర్‌కు 1, వాకర్‌కు 2, ఏ సాయమూ లేకుండా ఎక్కడైనా నడిస్తే 6. పాకడానికీ ఒక గుర్తుంది, మీ పాప ఇంట్లో చేసేది అందులో దాచాల్సిన విషయమేమీ కాదు. మావాడు బడిలో వాకర్‌తో నడిచేవాడు, దూరాలకు వీల్‌చైరే. ఆ మూడు అంకెలు పక్కపక్కన చూశాకే అతని రోజు ఎలా గడుస్తోందో డాక్టరుకు అర్థమైంది. వీల్‌చైర్ వల్ల మిగిలిన ఓపికతో వాడు స్నేహితులతో ఆడుకునేవాడు. అది నాకు నడకంత విలువైనదే.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు పాప నడకను ఫోనులో వీడియోలు తీయండి. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, బ్రేసులతోనూ (కాళ్లకు ఆసరాగా కట్టే పట్టీలు) వట్టి కాళ్లతోనూ. ముఖ్యంగా సాయంత్రం, పాప అలసిపోయాక తీయండి. మావాడి మోకాళ్లు ఎంత వంగిపోతున్నాయో పొద్దుటి పరీక్షలో తెలియలేదు, సాయంత్రం వీడియోలోనే బయటపడింది. బూట్ల ముందుభాగం అరిగిపోతుంటే అవీ పట్టుకెళ్లండి.

నడక మీద దృష్టి పెట్టి తుంటిని మరిచిపోవద్దు. స్థాయి అంకె పెరిగేకొద్దీ తుంటి కీలు పక్కకు జరిగే ముప్పు ఎక్కువ, మొదట్లో నొప్పి కూడా ఉండకపోవచ్చు. ఎక్స్‌రే ఎంత కాలానికొకసారి తీయించాలో ఈసారి వెళ్లినప్పుడే అడగండి.