టెక్ సందేహాలు: పెద్ద వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ ఏ రేంజ్‌లో ఏది తీసుకోవాలి?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు హెడ్‌ఫోన్స్ మీదే ఉన్నాయి, అందుకే అన్నీ ఒకే చోట పెట్టేస్తున్నా. అందరూ బడ్జెట్ రాస్తున్నారు కానీ ఎక్కడ వాడతారు, రోజుకి ఎన్ని గంటలు పెట్టుకుంటారు, ఏ ఫోన్ ఉంది అనేది చాలామంది రాయట్లేదు. నాకైతే ముందు కావాల్సింది అవే, ధర తర్వాత సంగతి, ఎందుకంటే 40 వేల హెడ్‌ఫోన్ అయినా గంట పెట్టుకునేసరికి చెవి వెనకాల నొప్పి పుడితే అది బీరువాలోకే పోతుంది.

నెల్లూరు నుంచి డిగ్రీ స్టూడెంట్: హాస్టల్‌లో గోల ఎక్కువ, చదువుకోవడానికి నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్నది 2 వేల లోపు చెప్పండి.

తమ్ముడూ, ముందు బాక్స్ మీద రాసింది జాగ్రత్తగా చూడు. ఏఎన్‌సీ (యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్) అని ఉందా, ఈఎన్‌సీ అని ఉందా? ఈ రెండూ ఒకటి కాదు. ఈఎన్‌సీ అనేది మైక్ కోసం, అంటే నువ్వు కాల్ మాట్లాడుతుంటే నీ వెనకాల గోల అవతలివాళ్ళకి తక్కువ వినపడటానికి, నీ చెవికి దానితో ఏ ఉపయోగం లేదు. ఈ రేంజ్‌లో చాలా బాక్సుల మీద ఆ ఈఎన్‌సీనే పెద్ద అక్షరాలతో ఉంటుంది, జనం నాయిస్ క్యాన్సిలేషన్ అనుకుని కొనేస్తారు.

అసలైన ఏఎన్‌సీ ఏం చేస్తుందంటే, బయట ఉన్న చిన్న మైకులు శబ్దాన్ని విని దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని లోపల స్పీకర్‌లో వేస్తాయి, రెండూ కలిసి తగ్గిపోతాయి. ఫ్యాన్, ఏసీ, బస్ ఇంజిన్, విమానం హోరు లాంటి ఒకేలా సాగే లో ఫ్రీక్వెన్సీ శబ్దాలకి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కానీ పక్క బెడ్ మీద కూర్చుని ఫోన్ మాట్లాడే ఫ్రెండ్ గొంతుకి, కుక్కర్ విజిల్‌కి, హారన్‌కి అంతగా పనిచేయదు, ఖరీదైనవాటిలో కాస్త మెరుగైనా అవి పూర్తిగా ఆగవు. నీది హాస్టల్ గోల, అంటే మనుషుల గొంతులు. దానికి చెవి మొత్తాన్ని కప్పేసి గట్టిగా సీల్ అయ్యే ఓవర్ ఇయర్ ప్యాడ్స్ ఎక్కువ పనికొస్తాయి. ఆన్ ఇయర్ అని చెవి మీద ఆని కూర్చునేవి వద్దు. బోట్‌లో రాకర్జ్ 450 ఆన్ ఇయర్, రాకర్జ్ 550 ఓవర్ ఇయర్, ఫొటోలో చూస్తే రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి పేరు చూసి ఆర్డర్ పెట్టు, నీకు 550 లాంటిది కావాలి. దాన్లో 50 ఎంఎం డ్రైవర్ (లోపలి స్పీకర్) ఉంది కదా ఇంకా బాగుంటుందా అని అడుగుతావేమో, డ్రైవర్ సైజుకీ క్వాలిటీకీ నేరుగా సంబంధం లేదు, 30 ఎంఎం డ్రైవర్ ఉన్న సోనీ ఎక్స్‌ఎం5 దీనికి ఎన్నో రెట్లు ధర.

ఇంకోటి, ఆక్స్ జాక్ ఉన్నదే తీసుకో. బ్యాటరీ పాడయ్యాక కూడా వైర్ పెట్టి వాడుకోవచ్చు, స్టూడెంట్‌కి అది పెద్ద విషయం.

హైదరాబాద్ నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: ఎల్‌బీ నగర్ నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో రోజూ తిరుగుతా, ఆఫీసులో టీమ్స్ కాల్స్ ఎక్కువ. 10 వేలు పెట్టగలను. సోనీ సీహెచ్720ఎన్, జేబీఎల్ ట్యూన్ 770ఎన్‌సీ, సౌండ్‌కోర్ స్పేస్ వన్, ఈ మూడిట్లో ఏది?

నన్నడిగితే డబ్బుకి అసలైన విలువ దొరికేది ఈ రేంజ్‌లోనే. 2 వేల నుంచి 8, 10 వేలకి వెళ్తే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, అదే 10 వేల నుంచి 35 వేలకి వెళ్తే తేడా ఉంటుంది కానీ పెట్టిన డబ్బంత ఉండదు.

మూడూ మంచివే, మూడింటికీ ఏఎన్‌సీ ఉంది, మల్టీపాయింట్ కూడా ఉంది, అంటే ల్యాప్‌టాప్‌కీ ఫోన్‌కీ ఒకేసారి కనెక్ట్ అయి ఉంటాయి, కాల్ వస్తే అదే మారుతుంది. స్పేస్ వన్‌లో ఎల్‌డ్యాక్ ఉంది, అంటే బ్లూటూత్‌లో పాటని ఎక్కువ వివరంగా పంపే పద్ధతి, ఆండ్రాయిడ్ ఫోన్‌లో మంచి క్వాలిటీ పాటలు వినేవాళ్ళకి అది ప్లస్. జేబీఎల్ బ్యాటరీ ఏఎన్‌సీ ఆఫ్‌లో 70 గంటలు, ఆన్‌లో 44 గంటలు అని కంపెనీ చెప్తుంది, మడిచి బ్యాగులో పెట్టుకోవచ్చు. సోనీ సీహెచ్720ఎన్ మడవబడదు, కప్పులు పక్కకి తిరుగుతాయంతే, ఎల్‌డ్యాక్ లేదు, చేతిలో పట్టుకుంటే ప్లాస్టిక్ ఫీల్ వస్తుంది. అయినా మీకు నేను సోనీనే చెప్తా, ఎందుకంటే బరువు 192 గ్రాములే. రోజుకి నాలుగైదు గంటలు మీటింగ్స్‌లో తల మీద ఉండే వస్తువుకి అంతకన్నా పెద్ద ఫీచర్ ఇంకోటి లేదు, ఏఎన్‌సీ ఆన్‌లో 35 గంటలు వస్తుంది కాబట్టి వారానికి ఒకటి రెండుసార్లు చార్జ్ పెడితే చాలు. మెట్రోలో కిక్కిరిసిన బ్యాగులో కుక్కేయడం తప్పదు అంటే మాత్రం జేబీఎల్‌కి వెళ్ళండి.

ఇప్పుడు మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఒకటుంది, ఏ కంపెనీది కొన్నా రెండో రోజే ఇది ఎదురవుతుంది. పాట వింటుంటే బ్రహ్మాండంగా ఉన్న హెడ్‌ఫోన్ టీమ్స్ కాల్ మొదలవ్వగానే పాత ల్యాండ్‌లైన్ లాగా మూసుకుపోయినట్టు వినిపిస్తుంది. చాలామంది పీస్ డిఫెక్ట్ అని రిటర్న్ పెట్టేస్తారు. డిఫెక్ట్ కాదు. మామూలు బ్లూటూత్‌లో పాటల కోసం వాడే ఏ2డీపీ ప్రొఫైల్ ఒకవైపే పోతుంది, హెడ్‌ఫోన్ మైక్ వాడగానే అది హ్యాండ్స్‌ఫ్రీ ప్రొఫైల్‌కి మారి సౌండ్ మోనో అయిపోయి క్వాలిటీ పడిపోతుంది. పరిష్కారం సింపుల్, టీమ్స్ సెట్టింగ్స్‌లో డివైసెస్‌లోకి వెళ్ళి స్పీకర్‌గా హెడ్‌ఫోన్ ఉంచి మైక్రోఫోన్ దగ్గర ల్యాప్‌టాప్ మైక్ సెలెక్ట్ చేయండి. వెంటనే సౌండ్ విచ్చుకుంటుంది. చుట్టూ గోల ఉన్నప్పుడు మాత్రం హెడ్‌ఫోన్ మైకే వాడండి, అప్పుడు మీకెలా వినిపిస్తుందన్నదాని కంటే మీ మాట అవతలికి చేరడం ముఖ్యం కదా. ఎల్ఈ ఆడియో అనే కొత్త పద్ధతి ఈ సమస్యని తీరుస్తుంది కానీ ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్ రెండూ దాన్ని సపోర్ట్ చేయాలి.

రాజమండ్రి నుంచి: సంగీతం పిచ్చి, ముఖ్యంగా కర్ణాటక సంగీతం, పాత సినిమా పాటలు. ఐఫోన్ ఉంది. 40 వేల దాకా పర్లేదు. ఎల్‌డ్యాక్ ఉంటే లాస్‌లెస్ (ఏ వివరమూ పోని సౌండ్) వస్తుందని సోనీ ఎక్స్‌ఎం6 చూస్తున్నా, బోస్ తీసుకోమని కొందరు, ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ అని కొందరు అంటున్నారు.

ముందు ఎల్‌డ్యాక్ సంగతి తేల్చేద్దాం సార్, ఐఫోన్ ఎల్‌డ్యాక్ పంపదు. ఆప్ట్‌ఎక్స్ అని అలాంటిదే ఇంకో పద్ధతి ఉంది, అది కూడా పంపదు. మీ ఫోన్ నుంచి ఇలాంటి హెడ్‌ఫోన్స్‌కి బ్లూటూత్‌లో పాట వెళ్ళేది ఏఏసీ అనే పద్ధతిలోనే. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఎల్‌డ్యాక్ ఆండ్రాయిడ్‌లో భాగమైంది, ఐఫోన్‌లోకి రాలేదు. ఆండ్రాయిడ్‌లో అయినా ఎల్‌డ్యాక్ గరిష్ఠంగా సెకనుకి 990 కిలోబిట్లే పంపుతుంది, అది కూడా కచ్చితమైన లాస్‌లెస్ కాదు, సిగ్నల్ సరిగ్గా లేకపోతే 330కి పడిపోతుంది. అందుకని ఎల్‌డ్యాక్ కోసం మీరు ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టక్కర్లేదు.

ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ మన దగ్గర లాంచ్ ధరే 59,900, మీ బడ్జెట్ దాటిపోతుంది, పైగా 385 గ్రాముల దాకా బరువు. సోనీ ఎక్స్‌ఎం6 లాంచ్ ధర 39,990. ఎక్స్‌ఎం4 మడవబడేది, 2022లో వచ్చిన ఎక్స్‌ఎం5 మడవబడదు, జనం దానిమీద బాగా కంప్లైంట్ చేశారు, ఎక్స్‌ఎం6లో మడత మళ్ళీ తెచ్చారు. ప్రయాణాలు చేసేవాళ్ళకి ఏఎన్‌సీలో సోనీ, బోస్ రెండూ ముందు వరసే. బోస్ వాళ్ళ ఏఎన్‌సీ హెడ్‌ఫోన్ ఆలోచన ఆ కంపెనీ పెట్టిన అమర్ బోస్‌కి 1978లో జూరిక్ నుంచి బోస్టన్ వెళ్తుంటే విమానంలో వచ్చింది, ఆయన తండ్రి బెంగాల్ నుంచి వెళ్ళిన స్వాతంత్య్ర సమరయోధుడు, ఇది చాలామందికి తెలియదు కాబట్టి చెప్తున్నా.

కానీ మీరు ఇంట్లో కూర్చుని కర్ణాటక సంగీతం వింటానంటున్నారు. అలాంటప్పుడు నేను సెన్‌హైజర్ మొమెంటమ్ 4 విని చూడమంటా. ఏఎన్‌సీలో సోనీ, బోస్ కంటే కాస్త వెనకే, అయినా వాద్యాలు విడివిడిగా వినిపించే తీరు నాకు బాగా నచ్చుతుంది, బ్యాటరీ ఏఎన్‌సీతో 60 గంటలు. లాంచ్ ధర 34,990 అయినా ఆఫర్లలో బాగా తగ్గుతుంటుంది. ఇంకా తక్కువలో కావాలంటే 21,999కి లాంచ్ అయిన నథింగ్ హెడ్‌ఫోన్ 1 ఉంది, సౌండ్ ట్యూనింగ్‌లో బ్రిటిష్ స్పీకర్ల కంపెనీ కెఫ్ చెయ్యి ఉంది, రోలర్ బటన్‌తో వాల్యూమ్ తిప్పుకోవచ్చు. టచ్ ప్యానెల్ మీద వేలు రుద్దడం చికాకు అనేవాళ్ళకి అది హాయి.

షోరూమ్‌కి వెళ్తే వాళ్ళు వేసే డెమో పాట వినకండి, దానిలో బేస్ దంచుతుంటుంది, అన్నీ బాగున్నట్టే ఉంటాయి. మీ ఫోన్‌లో మీకు ప్రతి సంగతీ కంఠతా వచ్చిన కచేరీ ఒకటి పెట్టండి. మృదంగం ఎడమవైపు దెబ్బ గుమ్మని సాగి వయొలిన్‌ని కప్పేస్తోందా, తంబురా శ్రుతి వెనకాల సన్నగా ఆగకుండా వినిపిస్తోందా, గాయకుడు ఊపిరి తీసుకునేది తెలుస్తోందా అని చూడండి. కళ్ళజోడు ఉంటే పెట్టుకునే వినండి, ఎందుకంటే కళ్ళజోడు కాడల వల్ల ప్యాడ్ పక్కన సందు ఏర్పడి బేసూ ఏఎన్‌సీ రెండూ తగ్గుతాయి. పది నిమిషాలైనా తలమీదే ఉంచండి, మొహమాట పడకండి.

డల్లాస్ నుంచి: డిసెంబర్‌లో గుంటూరు వస్తున్నా, నాన్నగారికి టీవీ వినడానికి ఎక్స్‌ఎం6 తెద్దామనుకుంటున్నా. సౌండ్ మరీ ఎక్కువ పెడతారు, అమ్మకి ఇబ్బందిగా ఉంది.

మంచి ఆలోచనే కానీ వస్తువు అది కాదండీ. బ్లూటూత్‌లో సౌండ్ కాస్త ఆలస్యంగా వస్తుంది, టీవీ దాన్ని సరిచేయకపోతే పెదాలు ముందు, మాట వెనక. పైగా చాలా టీవీల్లో బ్లూటూత్ కనెక్ట్ చేయగానే టీవీ స్పీకర్ ఆగిపోతుంది, అప్పుడు అమ్మగారికి సీరియల్ వినపడదు. టీవీ కోసమే రేడియో సిగ్నల్‌తో పనిచేసే హెడ్‌ఫోన్స్ ఉంటాయి, సెన్‌హైజర్ ఆర్ఎస్ సిరీస్ లాంటివి, స్టాండ్‌ని టీవీ ఆడియో అవుట్‌కి కలిపితే చాలు, హెడ్‌ఫోన్ దాని మీద పెడితే చార్జ్ అవుతుంది, పెయిరింగ్ గొడవ లేదు. టీవీ సెట్టింగ్స్‌ని బట్టి స్పీకర్ కూడా మోగుతూనే ఉంటుంది. అక్కడ కొంటే అడాప్టర్ 120 వోల్టులకే అయి ఉండొచ్చు, దాని మీద 100 నుంచి 240 అని ఉందా చూడండి, అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందా అన్నది కూడా కొనేముందే అడగండి. అన్నిటికంటే ముందు నాన్నగారిని ఒకసారి ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించి వినికిడి పరీక్ష చేయించండి, వాల్యూమ్ పెరుగుతూ పోతోందంటే దాన్ని వదిలేయకూడదు.

వరంగల్ నుంచి: ఫోన్‌లో బీజీఎంఐ గేమ్ ఆడుతుంటే అడుగుల చప్పుడు లేటుగా వస్తోంది, 5 వేలలో వైర్‌లెస్ ఏది?

2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌తో (బ్లూటూత్ బదులు సొంత సిగ్నల్‌తో కలిపే చిన్న రిసీవర్) వచ్చే గేమింగ్ హెడ్‌సెట్ చూసుకో, డాంగిల్ టైప్ సీ అయితే ఫోన్‌కే గుచ్చుకోవచ్చు. ఉత్త బ్లూటూత్‌ది అయితే గేమింగ్ మోడ్ ఉన్నా వైర్ అంత వేగం రాదు. వీడియోల్లో యాప్ బొమ్మని కాస్త ఆపి సరిచేస్తుంది, గేమ్‌లో అలా కుదరదు.

విజయవాడ నుంచి: మూడేళ్ళ కిందటి హెడ్‌ఫోన్ ప్యాడ్స్ పొట్టు పొట్టుగా ఊడి చెవులకి నల్లగా అంటుకుంటున్నాయి. సౌండ్ బాగానే ఉంది. కొత్తది కొనాలా?

అస్సలు వద్దు. అది లెదర్ కాదు, పైన పూసిన పీయూ అనే ప్లాస్టిక్ పొర, మన ఎండకీ చెమటకీ అలా ఊడటం మామూలే. మీ మోడల్ పేరుతో ఇయర్ ప్యాడ్స్ అని వెతికితే విడిగా దొరుకుతాయి, చాలా మోడల్స్‌లో పాతది అంచు పట్టుకుని లాగితే క్లిప్పుల నుంచి ఊడొస్తుంది, కొత్తది అవే క్లిప్పుల్లో నొక్కితే టక్ మని కూర్చుంటుంది. లోపల ఎడమా కుడీ గుర్తులుంటే చూసి పెట్టండి. గుడ్డ ప్యాడ్స్ తీసుకుంటే వేసవిలో చల్లగా ఉంటుంది కానీ బయటి శబ్దం కొంచెం ఎక్కువ లోపలికొస్తుంది, బేస్ కొద్దిగా తగ్గుతుంది. ఇకపై వాడాక పొడి గుడ్డతో తుడిచి, గాలికి ఆరాకే పౌచ్‌లో పెట్టండి, ఎండలో ఆపిన కారులో మాత్రం వదలకండి, ప్యాడ్స్ కంటే ముందు బ్యాటరీ పోతుంది.