స్వీడన్ యువరాణి విక్టోరియా

ప్రశ్న: స్వీడన్ రాజుకు కొడుకు ఉండగా కూతురు విక్టోరియా వారసురాలు ఎలా అయ్యారు? ఆమెకు అధికారాలేమైనా ఉన్నాయా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: విక్టోరియా 1977 జులై 14న పుట్టారు. అప్పటి చట్టం ప్రకారం సింహాసనం మగవారికే దక్కేది కనుక, 1979 మే నెలలో పుట్టిన తమ్ముడు కార్ల్ ఫిలిప్ పుట్టుకతోనే యువరాజయ్యారు. అయితే ఆడ, మగ తేడా లేకుండా తొలి సంతానానికే వారసత్వం చెందాలంటూ పార్లమెంటు చేసిన సవరణ 1980 జనవరి 1న అమల్లోకి రావడంతో, ఏడు నెలల పసివాడి హోదా రెండేళ్ల అక్కకు మారింది. కొడుకు హోదాను అలా తీసివేయడం రాజుకు నచ్చలేదు. మన ఓరుగల్లులో గణపతిదేవుడు కూతురికే రాజ్యం అప్పగించినా, శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజుగా కనిపిస్తారు; విక్టోరియా ఆడపిల్లగానే, తన పేరుతోనే వారసురాలు కావడం ఎంతో గొప్ప మార్పని నా నమ్మకం.

ఇక అధికారాల మాటకొస్తే, 1975 నుంచి అమల్లో ఉన్న రాజ్యాంగం ప్రకారం అక్కడ రాజుకే పాలనాధికారం లేదు. రాజు విదేశాల్లో ఉన్నప్పుడు ఆమె తాత్కాలిక రాజప్రతినిధిగా వ్యవహరిస్తారు. ఏటా తన పుట్టినరోజున ఓలాండ్ దీవిలోని వేసవి నివాసం దగ్గరికి వచ్చిన ప్రజల చేతుల నుంచి స్వయంగా పూలు అందుకుంటారు. ఆమె తర్వాత వరుసలో ఉన్నది 2012లో పుట్టిన తొలి సంతానం, కూతురు ఎస్తెల్.