ఫోన్ గోల – మీ ప్రశ్న, మా జవాబు

ప్రశ్న: మాది ఆంధ్రా సరిహద్దున ఉన్న ఒడిశాలోని రాయగడ. అమ్మది ఒడిశా సిమ్. డీఎన్‌డీ (ప్రచార కాల్స్ వద్దని నమోదు చేసుకునే సేవ) పెట్టినా లోన్ల కాల్స్ ఆగడం లేదు. మొన్న కొరియర్ అంటూ ఒకడు స్టార్ 21 స్టార్, ఆపై ఒక మొబైల్ నంబరు నొక్కమన్నాడు. అమ్మ నొక్కేసింది. ఏం చేయాలి?

జవాబు: ముందు కొరియర్ సంగతి. అది కాల్ ఫార్వర్డింగ్ కోడ్. అమ్మకు రావాల్సిన కాల్స్ వాడికి పోతాయి. కాల్‌లో వినిపించే ఓటీపీ, వాట్సాప్ కోడ్ కూడా వాడే వింటాడు. వెంటనే ##002# డయల్ చేయండి, అన్ని ఫార్వర్డింగులూ రద్దవుతాయి. తర్వాత *#21# కొట్టి, ఫార్వర్డింగ్ ఇంకా ఉందేమో చూసుకోండి. వాట్సాప్‌లో టూ-స్టెప్ పిన్ పెట్టండి. డబ్బు పోయి ఉంటే ఆ క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆ డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే ఆపించాలి కదా! ఆంధ్రా పోలీసులా, ఒడిశా పోలీసులా అని తర్జనభర్జన వద్దు, 1930 దేశమంతటికీ ఒకటే. డబ్బు పోకపోతే కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో, అనుమానాస్పద కాల్స్‌పై ఫిర్యాదు చేసే 'చక్షు' విభాగంలో ఆ నంబరు నమోదు చేయండి.

ఇక లోన్ల కాల్స్. డీఎన్‌డీ ఆపేది రిజిస్టరైన టెలిమార్కెటర్లనే. మామూలు పదంకెల నంబర్లతో చేసేవాళ్లు దానికి లొంగరు. అందుకే ఫిర్యాదు: కాల్ వచ్చిన 7 రోజుల్లోగా నంబరు, తేదీ, ఏం అమ్మారో రాసి 1909కి మెసేజ్ పంపాలి, లేదా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి డీఎన్‌డీ యాప్‌లో పెట్టాలి. అమ్మ సిమ్ నుంచే పంపాలి సుమా. ఊరికే బ్లాక్ చేస్తే రేపు ఇంకో నంబరుతో వస్తారు.